తిట్టడానికి ఒక ఇల్లు

బెంగళూరులో కేఆర్ పురం దాటాక ఉండే మా లేఅవుట్‌లో పోయిన నెల ఒక సమావేశం జరిగింది. రాజకాలువె, అంటే వాననీళ్ళు పోయే పెద్ద కాలువ, పొంగి మూడు ఇళ్ళ సెల్లార్లలోకి మోకాలిలోతు నీళ్ళు వచ్చిన వారం అది. ఇరవై ఇద్దరం వచ్చాం. గంటసేపు అందరూ అందరినీ తిట్టుకున్నాక, వెనక వరసలో ఒకాయన నిట్టూర్చి, “ఎన్నుకున్నది మనమే కదండీ, అనుభవించాల్సింది కూడా మనమే” అన్నారు. దాంతో సమావేశం ముగిసింది. ఆ మాట తర్వాత ఇక ఎవరూ ఏమీ అనలేరు. నేనూ తల ఊపి ఇంటికి వచ్చాను. చెప్పులు విడుస్తుండగా అనుమానం వచ్చింది. ఎన్నుకున్నామా? ఎప్పుడు?

బెంగళూరు నగర పాలికకు ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10న తీరిపోయింది. తర్వాత ప్రభుత్వం నియమించిన పాలనాధికారి వచ్చారు. 2025 సెప్టెంబరులో పాలికను అయిదు ముక్కలు చేసేనాటికి కౌన్సిల్ లేని కాలానికే అయిదేళ్ళు. అంటే ఒక కౌన్సిల్ పూర్తి కాలం పాటు కౌన్సిలే లేదు. సమావేశానికి వచ్చిన ఇరవై ఇద్దరిలో 2015లో ఇక్కడ ఓటు వేసినవాళ్ళు ఎంతమందో మర్నాడు వాట్సాప్‌లో అడిగాను. నలుగురు. ఆ నలుగురిలో నేను లేను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

‘ప్రజలకు తగ్గ నాయకులే దొరుకుతారు’ అని చదువుకున్నవాళ్ళు చాలా సులువుగా అనేస్తారు. వినడానికి వినయంగా ఉంటుంది, మన తప్పు మనమే ఒప్పుకుంటున్నట్టు. నాకు మాత్రం అందులో ఒక మోసం కనిపిస్తోంది. మన చేతిలో లేని అధికారాన్ని ఉన్నట్టు ఒప్పుకుని, దాని తాలూకు నేరాన్ని కూడా నెత్తిన వేసుకుంటున్నాం. నాయకుల మీద మనకు నిజంగా ఉన్న పట్టు ఎంత? ఈ నెల రోజులూ నేను తేల్చుకోవాలని చూసింది ఇదే.

ఎదురింటి పెద్దాయన

మా ఎదురింట్లో ఒక పెద్దాయన ఉంటారు. ఈ ప్రాంతం పంచాయతీగా ఉన్నప్పటి నుంచీ ఆ కుటుంబం ఇక్కడే ఉంది. ఇంట్లో మాట తెలుగు, చదువు కన్నడం. పేపరు నేను తెలుగులో చదివి ఆయనకు వినిపిస్తే, ఆయన కన్నడంలో చదివి నాకు తెలుగులో చెబుతారు. రెండు పేపర్లలోనూ వార్త ఒకటే అయినప్పుడు మాత్రం ఇద్దరం నమ్మం.

కౌన్సిల్ లేకపోతే ఏమైంది, అధికారులు బాగానే చేస్తున్నారు కదా అని ఒకసారి ఆయనతో వాదించాను. నిజానికి అప్పట్లో నా నమ్మకం అదే. చెత్తబండి వేళకు వస్తోంది, మధ్యలో కార్పొరేటర్ వాటా తగ్గింది, ఇంకేం కావాలి? ఆయన తాపీగా విని, “మునుపు తిట్టడానికి ఒక ఇల్లుండేది బాబూ” అన్నారు.

బోరు మోటారు కాలిపోయి వీధంతా నాలుగు రోజులు నీళ్ళు లేని వేసవిలో, రాత్రి పదకొండింటికి పది మంది కలిసి కార్పొరేటర్ గేటు తట్టారట. లుంగీతో బయటికొచ్చి, రేపు చేయిస్తానన్నాడట. రేపు కాలేదు, మూడో రోజు సగం అయింది. “పని అయిందా అని కాదు చూడాల్సింది. నా ముఖం చూసి తల దించుకున్నాడు. ఇప్పుడు ఎవరి తల దించాలి?” అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. నేను తిట్టేది ఫోను యాప్‌ని. గుంత ఫొటో పంపితే ఒక నంబరు వస్తుంది. మూడో రోజున ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం’ అని సందేశం వస్తుంది. గుంత మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పోయిన ఏడాది ఒకే గుంతను అయిదుసార్లు పరిష్కరించారు. పాత కార్పొరేటర్ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపిస్తాడు, “నేను మాజీని సార్, నా మాట ఎవరు వింటారు” అంటాడు. ఎమ్మెల్యే ఆఫీసుకు వెళితే అది పాలిక పని అంటారు. పాలిక ఇంజనీరును అడిగితే నిధులు రాలేదంటాడు. ఎవరి మాటా అబద్ధం కాదు, అదే విచిత్రం.

తేదీ ఎవరి చేతిలో ఉంది

రాజ్యాంగం ఈ విషయంలో మొహమాటపడలేదు. 74వ సవరణతో వచ్చిన 243-యు అధికరణం పట్టణ పాలక మండలి కాలం అయిదేళ్ళు, అంతకు మించి కాదు అంటుంది. గడువు తీరేలోగా కొత్త ఎన్నిక పూర్తి కావాలంటుంది. 2006లో అహ్మదాబాద్ నగర పాలిక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇంత స్పష్టంగా రాసి ఉన్నదాన్ని తప్పించుకోవడానికి బెంగళూరులో ఎవరూ రాజ్యాంగాన్ని ధిక్కరించలేదు. వార్డులు లెక్కపెట్టారు, అంతే.

198 వార్డులు చాలవని కొత్త చట్టం తెచ్చి 243 అన్నారు. 2020 డిసెంబరులో హైకోర్టు ఆరు వారాల్లో ఎన్నికలు పెట్టమంటే, అదే నెలలో సుప్రీంకోర్టు నుంచి స్టే వచ్చింది. 2022లో వార్డుల రిజర్వేషన్ల జాబితా కోర్టులో వీగిపోయింది. 2023లో ప్రభుత్వం మారింది, 243 కాస్తా 225 అయింది. తర్వాత గ్రేటర్ బెంగళూరు చట్టం, అయిదు పాలికలు, 369 వార్డులు. ఒక పార్టీ పోయి ఇంకో పార్టీ వచ్చినా వాయిదా మాత్రం కుర్చీ దిగలేదు. ఇది కన్నడిగుల ప్రత్యేకత అనుకునేరు. విశాఖ నగర పాలికకు 2007 తర్వాత మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021లో. చెన్నైకి 2011 తర్వాత 2022లో.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. నగరంలో ఉన్న 28 మంది ఎమ్మెల్యేలలో, తన వీధుల్లో ఇంకొకరికి పేరు రావడం ఎంతమందికి ఇష్టం? కార్పొరేటర్ లేకపోతే నిధులు ఎవరి మాట మీద కదులుతాయి? పరీక్ష రాయాల్సిన పిల్లవాడి చేతికే టైమ్‌టేబుల్ ఇచ్చినట్టుంది మన ఏర్పాటు. అసెంబ్లీకీ లోక్‌సభకూ ఇది సాగదు, అక్కడ తేదీ కేంద్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటుంది. మనకు అతి దగ్గరగా ఉండే ప్రభుత్వానికి వచ్చేసరికి, వార్డులు గీయడం, రిజర్వేషన్లు తేల్చడం రాష్ట్ర ప్రభుత్వం ముగించేదాకా రాష్ట్ర ఎన్నికల సంఘం ఎదురుచూస్తూ కూర్చోవాలి.

గొలుసు లాగగలం

ఇంతవరకూ చదివి, ‘పౌరులకు ఏ శక్తీ లేదంటావా’ అని ఎవరైనా అడగవచ్చు. అలా అనలేను. 2016 అక్టోబరు 16, ఆదివారం. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల ఉక్కు వంతెన కట్టడానికి 812 చెట్లు కొట్టేస్తామంటే, నగరం మానవహారం కట్టింది. నేనూ వెళ్ళి నిలబడ్డాను. ‘బేడ’ (వద్దు) అన్న ఒక్క కన్నడ మాటను అన్ని భాషల వాళ్ళూ అరిచిన రోజు అది. 1,791 కోట్ల రూపాయల పని 2017 మార్చిలో ఆగిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం చేసుకున్నాం.

తర్వాత? హెబ్బాళ దగ్గర బండ్లు ఇప్పటికీ అలాగే ఆగి ఉంటాయి. ఆ రోజు మేము ‘వద్దు’తో పాటు బస్సులు పెంచమని, లోకల్ రైలు వేయమని కూడా అడిగాం. ‘వద్దు’ విన్నారు, ‘కావాలి’ వినలేదు. ఇప్పుడు అదే హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా సొరంగ మార్గం అంటున్నారు. నేలమీద ఆపితే నేల కిందికి దిగింది.

మా వైపు జరిగింది కూడా ఇలాంటిదే. కనిగిరి దగ్గర మా ఊళ్ళో నేను నాలుగో తరగతి చదువుతుండగా, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారని మా నాయనమ్మ రోజూ చెప్పుకునేది. 1992 అది. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో మద్య నిషేధం వచ్చాయి. 1997లో అది ఎత్తేశారు. ఎత్తివేయమని ఏ ఊరి ఆడవాళ్ళు అడిగారు?

పౌరుల శక్తి రైలుపెట్టెలో గొలుసు లాంటిదని నాకనిపిస్తుంది. పదిమంది కలిసి లాగితే బండి ఆగుతుంది. ఆగాక ఎటు పోవాలో, ఎప్పుడు బయలుదేరాలో ఆ గొలుసుతో చెప్పలేం. మళ్ళీ కదిలాక ప్రతి స్టేషన్‌లోనూ లాగుతూ కూర్చోనూలేం, మనకూ ఉద్యోగాలున్నాయి.

గొలుసు లాగినా ఆగని సందర్భాలూ ఉన్నాయి. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసినప్పుడు ఆయన వైపు ఎమ్మెల్యేలను తెచ్చి దాచింది ఇక్కడికే, నంది కొండల మీదికి. ఎదురింటి పెద్దాయనా ఆయన తమ్ముడూ ‘మీ ఎమ్మెల్యేలను చూద్దాం’ అని మోటారు సైకిల్ మీద బయలుదేరి, దేవనహళ్ళి దగ్గర టైరు పంచరై వెనక్కి వచ్చారట. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ప్రజాస్వామ్యం గెలిచిందని ఊరూరా పండుగ చేసుకున్నాం. పదకొండేళ్ళ తర్వాత, అంతకు ముందు డిసెంబరులోనే జనం కనీవినీ ఎరగని మెజారిటీ ఇచ్చిన అదే మనిషిని సొంత పార్టీ ఎమ్మెల్యేలు దించేశారు. ఈసారి ఎవరూ తిరిగి ఎక్కించలేకపోయారు. ఏ నిర్ణయం సరైనదన్న వాదనలోకి నేను దిగను, మా ఇంట్లోనే అది ఇంకా తేలలేదు. నాకు కనిపించేది ఇంతే: 1984లో ఎమ్మెల్యేల సంఖ్య ఆయన వైపు ఉంది, 1995లో లేదు. జనం కోపానికి అంకెల దన్ను ఉంటేనే విలువ వచ్చింది. ఆ అంకెలు మనం పంపినవాళ్ళ జేబులో ఉంటాయి.

ఆ రెండింటి మధ్య, 1985లో, ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. దాన్ని ఒకసారి పౌరుడి వైపు నుంచి చూడండి. పార్టీ విప్‌కు ఎదురు తిరిగిన ఎమ్మెల్యే పదవి పోతుంది. ఓటర్లకు ఇచ్చిన మాటకు ఎదురు తిరిగితే ఏమీ కాదు. 2019లో కర్ణాటకలో 17 మంది మీద అనర్హత వేటు పడింది, సుప్రీంకోర్టు అనర్హత సరైనదేనంది కానీ మళ్ళీ పోటీకి అడ్డు చెప్పలేదు. డిసెంబరు ఉప ఎన్నికల్లో మా కేఆర్ పురంలో ఆ వేటు పడిన మనిషే కొత్త పార్టీ గుర్తుతో గెలిచారు. నేను మండిపడుతుంటే పెద్దాయన నవ్వారు: “ఆయన నా ఫోను ఎత్తుతాడు. నీ సిద్ధాంతం ఎత్తుతుందా?”

ఆ మాటకు నేనింకా బదులు వెతుకుతూనే ఉన్నాను.

రీకాల్ ఉంటే సరిపోతుందా

మా పైఅంతస్తులో ఉండే గుంటూరు కుర్రాడికి ఇదంతా చెబితే, “రీకాల్ పెట్టాలన్నా, పనికిరానివాణ్ణి మధ్యలోనే దించేయాలి” అన్నాడు. అతని వయసులో నేనూ అదే అనేవాణ్ణి. 1974లో జయప్రకాశ్ నారాయణ్ నాటి నుంచీ ఉన్న కోరికే ఇది. కొన్నిచోట్ల ఉంది కూడా. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో మూడు నగర పంచాయతీల అధ్యక్షులను జనం ఓటేసి దించారు.

కానీ ఆ చట్టం చదివితే ఉత్సాహం చల్లారుతుంది. దించే ప్రక్రియ మొదలుపెట్టాల్సింది జనం కాదు, కౌన్సిల్ సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది సంతకాలు పెట్టాలి. మళ్ళీ గొలుసు నాయకుల చేతికే వెళ్ళింది. పోనీ జనమే మొదలుపెట్టేలా రాశామనుకుందాం. సంతకాలు పోగుచేసే ఓపిక, డబ్బు, కార్యకర్తలు ఎవరి దగ్గర ఉంటాయి? ఓడిపోయినవాడి దగ్గర. రాజకాలువె మీద కట్టిన కట్టడాలు కూల్చే ధైర్యం ఏ కార్పొరేటర్ అయినా చేస్తే, అతని మీద మొదటి సంతకం ఆ కట్టడాల యజమానిది అవుతుంది. నోటా వచ్చినప్పుడూ ఇలాగే సంబరపడ్డాం. 2024లో ఇండోర్‌లో 2,18,674 మంది నోటా నొక్కారు. గెలిచినాయనకు పన్నెండు లక్షల పైచిలుకు వచ్చాయి. చట్టం దృష్టిలో ఆ రెండు లక్షల మంది ఆ రోజు ఇంట్లో పడుకున్నట్టే లెక్క.

పైగా, పౌరుల అధికారానికి హద్దు లేకపోవడం నాకే ప్రమాదం. ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంది. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు మేనేజ్‌మెంట్ స్థాయిలో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం కేటాయించే బిల్లుకు ఆమోదం తెలిపింది. ఆ రెండు రోజులూ మా ఆఫీసు క్యాంటీన్‌లో తెలుగు గొంతులు ఎంత చిన్నవైపోయాయో నాకు గుర్తుంది. దాని మీద జనవాక్యం తీసుకుని ఉంటే తప్పకుండా నెగ్గేది. మన వాళ్ళేమీ తక్కువ తినలేదు, 2019లో ఆంధ్రప్రదేశ్ 75 శాతం అంటూ చట్టమే చేసింది, అప్పుడు మా ఊళ్ళో అందరూ భేష్ అన్నారు, నేనూ అభ్యంతరం చెప్పలేదు. ఇక్కడి బిల్లు ఆగిపోయింది. ఆపింది ఓటర్లు కాదు, కోర్టు కూడా కాదు. పరిశ్రమల వాళ్ళు గట్టిగా నాలుగు మాటలంటే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఉక్కు వంతెన ఆపడానికి మాకు నెలలు పట్టింది. వాళ్ళకు ఎన్ని రోజులు పట్టిందో చూస్తే, నా ఉద్యోగం నిలిచిందని సంతోషించాలో, ఈ ఊళ్ళో ఎవరి గొలుసు ఎంత పొడవో తెలిసినందుకు బాధపడాలో అర్థం కాలేదు.

అందుకే నాయకుణ్ణి రోజూ శాసించే హక్కు నేను అడగను. రీకాల్ కూడా అడగను. నేను అడిగేది చాలా చిన్నది: తేదీ. గడువు తీరిన రోజున, వార్డుల లెక్క తేలినా తేలకపోయినా, పాత హద్దులతోనే ఎన్నిక జరిగి తీరాలి. దించే రోజు ఎప్పుడొస్తుందో దిగాల్సినవాడు నిర్ణయించకూడదు. దీని వల్ల మంచి కార్పొరేటర్ వస్తాడని నేను హామీ ఇవ్వలేను. లుంగీతో బయటికి వచ్చేవాడు ఒకడు ఉంటాడు.

నా ఓటు ఎక్కడుంది

ఇప్పుడు వాయిదా వేసిన సంగతి. బెంగళూరు వచ్చి పంతొమ్మిదేళ్ళయినా నా ఓటు కనిగిరి దగ్గర ఊళ్ళోనే ఉంది. 2024 మే 13న ఆంధ్రలో పోలింగ్ అంటే ముందు శుక్రవారం నుంచే ఇక్కడి బస్సుల్లో నిలబడే చోటు లేదు. మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు. అంతకు పదిహేడు రోజుల ముందు, ఏప్రిల్ 26న, ఇక్కడ పోలింగ్ జరిగినప్పుడు అవే ఇళ్ళవాళ్ళు సెలవుంది కదా అని సినిమాకు వెళ్ళారు. ఉండని చోట ఓటేస్తాం, ఉన్నచోట వేయం. మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటరుగా ఉండాలని చట్టం అంటుంది, ఊళ్ళో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అది నివాసం కాదని కూడా అంటుంది. ఆ లెక్కన నేను ఇన్నాళ్ళూ చేసింది తప్పే. అయిదేళ్ళు కౌన్సిల్ లేకపోయినా మా లేఅవుట్‌లో ఎవరూ రోడ్డెక్కకపోవడానికి, పోగొట్టుకున్నది మా ఓటు కాకపోవడం కూడా ఒక కారణం.

అందుకని మొన్న ఆదివారం ఫారం 8 నింపడానికి కూర్చుని, ముందుగా అమ్మకు ఫోను చేశాను. ఓటు ఇక్కడికి మార్చుకుంటున్నానని చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు.

“మార్చుకుంటే మనింటికి మూడు ఓట్లే అవుతాయి కదరా” అంది.

“అయితే ఏమవుతుందమ్మా?”

“మన వీధిలోకి కుళాయి ఎందుకు వేశారనుకున్నావు? పైపు ఎటు తిప్పాలో సర్పంచి ఇంటింటికీ ఓట్లు లెక్కపెట్టుకున్నాడు. మనింట్లో నాలుగు, మీ పెదనాన్న ఇంట్లో ఆరు. పది ఓట్లని ఇటు తిప్పాడు.”

పంతొమ్మిదేళ్ళుగా నేను నొక్కిన మీటలన్నింటిలో, పని చేసినట్టు రుజువున్నది ఆ కుళాయి ఒక్కటే. అది నాకు తెలియదు కూడా. “ఆలోచించి చేస్తాలే” అని ఫోను పెట్టేశాను.

ఫారం రాత్రి పదింటికి పంపేశాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.